రెండో మైకు వినపడటం లేదండీ

మస్కట్‌లో ఆదివారం సెలవు కాదు. శుక్రవారం, శనివారం సెలవిచ్చేసి ఆదివారం పొద్దున్నే పనిలోకి రమ్మంటారు. నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి ఆదివారం అంటే చర్చి, చర్చి తర్వాత కోడికూర. ఇక్కడ ఆదివారం అంటే పళ్ళ ఆసుపత్రి. అందులో రిసెప్షన్‌లో కూర్చుంటాను. దవడలు వాచినవాళ్ళు వస్తారు, పేరు రాసుకుని కూర్చోమంటాను. సరిగ్గా ఆ వేళకే కంకిపాడు పక్కన మా ఊరి చర్చిలో ఆరాధన మొదలవుతుంది, దాంతోపాటు లైవూ మొదలవుతుంది. కౌంటర్ కింద ఫోను, జుట్టు చాటున ఇయర్‌ఫోను. ఒక చెవిలో స్తుతిపాటలు, ఇంకో చెవిలో పంటినొప్పులు.

ఇది చదివి నన్ను పెద్ద భక్తురాలినని అనుకునేరు. అంత సీను లేదు. నేను లైవ్ చూసేది ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు ఏ చీర కట్టారు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవడం మానేశారు అని చూడటానికి. మా చర్చిలో ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు. కెమెరా ఆడవాళ్ళ వైపు స్తంభానికి కట్టి ఉంటుంది కాబట్టి నా పని సులువు. ప్రసంగం మొదలవగానే సౌండ్ తగ్గించేస్తాను. మా పాస్టరు అయ్యగారు బంగారంలాంటి మనిషి. కానీ ‘ముగిస్తున్నాను’ అన్న తర్వాతే ఆయనకు అసలు ఊపు వస్తుంది. ఆ మాట అన్నాక నేను ఇద్దరు పేషెంట్లను లోపలికి పంపి, టీ తాగి వచ్చినా ఇంకా ముగిస్తూనే ఉంటారు.

లైవ్ పెట్టేది అయ్యగారి అల్లుడు. ఇంట్లో కూర్చునే ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఊళ్ళో ఎవరి ఫోను ఆగిపోయినా ఆయన దగ్గరికే తీసుకెళ్తారు. ఆయన కెమెరా పెట్టిన తీరుకు నాకు కనపడేవి ఇవి: అయ్యగారు నిలబడే బల్ల, పాటలు పాడేవాళ్ళు, ఆడవాళ్ళలో మొదటి రెండు వరసలు, ఒక సీలింగ్ ఫ్యాను. చర్చిలో మనుషులకంటే ఆ ఫ్యానే నాకు బాగా పరిచయం.

పాటలు పాడేవాళ్ళలో రెండో మైకు దగ్గర మా అమ్మ ఉంటుంది.

అమ్మ జాకెట్లు కుడుతుంది. చర్చిలో సగం మంది ఆడవాళ్ళ ఒంటిమీద ఉన్నవి ఆమె కుట్టినవే. మిగతా సగం మంది ఆమెతో గొడవపడి విజయవాడలో కుట్టించుకుంటున్నవాళ్ళు. కానీ గొడవపడినవాళ్ళు కూడా పాట దగ్గర అమ్మకు లొంగాల్సిందే. పెళ్ళయినా, గృహప్రవేశమయినా, సమాధి కార్యక్రమమయినా మొదటి లైను అమ్మ ఎత్తుకోవాలి. ఎత్తుకోవడమే ఆకాశంలో ఎత్తుకునేది. మిగతావాళ్ళు అక్కడికి చేరలేక రెండో చరణానికల్లా కిందికి దిగి గొణుక్కునేవాళ్ళు. ‘నువ్వు కాస్త కింద మొదలుపెడితే అందరం పాడతాం కదమ్మా’ అని ఎవరో అడిగితే, ‘నేను కిందికి రావడమెందుకు, మీరే పైకి రండి’ అందిట. పొగరు. ఉండాల్సిన పొగరే. నా చిన్నప్పుడు రోడ్డు మీద సైకిలు తొక్కుతున్నా సరే, చర్చిలోంచి ఆ గొంతు వినపడితే ఇంటికి తాళం వేసి ఉందని, అమ్మ అక్కడుందని తెలిసేది.

పెళ్ళయి మస్కట్ వచ్చాక ఆ గొంతు కోసమే లైవ్ పట్టుకున్నాను. చీరలు తర్వాత. ముందు అమ్మ పాట. ఫోన్లో చిన్న స్పీకరు దాకా వచ్చేసరికి గొంతు సన్నబడేది, కానీ వచ్చేది.

ఈ ఏడాది మొదట్లో విజయవాడ గవర్నర్‌పేట నుంచి కొత్త సౌండ్ సిస్టం తెచ్చారు. పెద్ద పెద్ద స్పీకర్లు, మీటలు లెక్కలేనన్ని ఉన్న మిక్సరు, కొత్త కీబోర్డు. అందరి గొంతులూ స్పష్టంగా, పక్కనే కూర్చుని పాడినట్టు వినపడుతున్నాయి. మా అమ్మ గొంతు తప్ప.

నోరు కదులుతోంది. చెయ్యి తాళం వేస్తోంది. గొంతు మాత్రం లేదు. మొదట ఇయర్‌ఫోను పోయిందనుకున్నాను. కొత్తది కొన్నాను. తర్వాత నెట్ స్లో అనుకున్నాను. నెట్ స్లో అయితే అందరి గొంతులూ పోవాలి గానీ, మా అమ్మదొక్కటే పోతుందా? అప్పుడు మొదటి మైకు దగ్గర ఎవరున్నారో చూశాను. అయ్యగారి కూతురు. మిక్సరు దగ్గర ఎవరున్నారు? ఆమె మొగుడు. ఇంకేం కావాలి నాకు! ఒళ్ళు మండిపోయింది. పెళ్ళాం గొంతు వినపడాలని మా అమ్మ మైకు నొక్కేశాడన్నమాట.

అమ్మకు ఫోన్ చేసి అడిగాను.

“నీ మైకు రావట్లేదమ్మా లైవులో.”

“వస్తానే ఉందే. ఇక్కడ బ్రహ్మాండంగా వినపడుతోంది. నీ ఫోనే మార్చు.”

“మార్చాను. అయినా రావట్లేదు. ఆ అల్లుడుగారు కావాలనే తగ్గిస్తున్నాడు.”

“నీకేం పనిలేదా? అన్నం తిన్నావా?”

మాట మార్చడానికి మా అమ్మ వాడే ఆయుధం అది. అన్నం తిన్నావా అని అడిగిందంటే ఆ విషయం అక్కడితో ఆగిపోవాలి.

మా ఆయన ఏసీలు బాగుచేసే పనిలో ఉంటాడు. ఆయనకు చెప్తే, “అత్తయ్య గొంతు ఫోన్లో రోజూ గంటసేపు వింటూనే ఉన్నాంగా, ఆదివారం ఒక్కరోజు సెలవిస్తే తప్పేంటి?” అన్నాడు. ఆ రోజు ఆయనకు పప్పులో ఉప్పు వెయ్యలేదు. మర్చిపోయి కాదు.

మా చర్చిలో ఒక ఆచారం ఉంది. ఆరాధన ముగిసే ముందు అయ్యగారు ఫోను చేతిలోకి తీసుకుని, విదేశాల నుంచి లైవ్ చూస్తున్నవాళ్ళ పేర్లు చదివి వందనాలు చెప్తారు. “కువైట్ నుంచి మన సహోదరి, దోహా నుంచి మన సహోదరి, మస్కట్ నుంచి మన సహోదరి...” అని. పేరు చదివించుకోవాలంటే కామెంట్లో ‘వందనాలు అయ్యగారు’ అని పెట్టాలి. పెట్టకపోతే ఇక్కడ నేను నరకంలో పడ్డానని ఊళ్ళో చెప్పుకుంటారు. కాబట్టి అందరం పెడతాం. పెట్టాక ఊరుకోం. అక్కడే కబుర్లు మొదలుపెడతాం. ‘ఆ ఆకుపచ్చ చీర ఎవరిది?’ ‘మొన్నటి పెళ్ళికూతురు కదూ?’ ‘కాస్త ఒళ్ళు చేసింది.’ ఇవన్నీ మా ఊరి ఆడవాళ్ళమే, గల్ఫ్‌లో తలో దేశంలో ఉన్నవాళ్ళం. అయ్యగారు పాపం వందనాలు మాత్రం ఏరుకుని చదివి, మిగతావి చూడనట్టు వదిలేసేవారు.

నేను మా వాళ్ళకు చెప్పాను: ఈ ఆదివారం అందరూ ఒకటే కామెంటు పెట్టండి, రెండో మైకు వినపడటం లేదండీ అని. ఒక్కదాన్నే పెడితే అమ్మ కూతురు కాబట్టి అంటుంది అంటారు. కువైట్ నుంచి, దోహా నుంచి కూడా వినపడలేదంటే ఏం చేస్తారు? కువైట్లో ఉండే మా ఊరి అక్కకు ఇలాంటి వాటిలో మహా ఉత్సాహం. “నువ్వు చూస్తా ఉండు, చర్చి దద్దరిల్లాలి” అంది.

దద్దరిల్లింది.

ఆ ఆదివారం పాట మొదలవగానే కామెంట్లు కుమ్మరించాం. ‘రెండో మైకు వినపడటం లేదండీ.’ ‘దోహాలో కూడా వినపడటం లేదండీ.’ ‘మొదటి మైకు కాస్త తగ్గిస్తే మంచిదండీ, చెవులు పోతున్నాయి.’ ‘అల్లుడుగారూ, మీ ఆవిడతోపాటు అందరికీ న్యాయం చెయ్యండి.’ మధ్యలో అలవాటు చొప్పున కబుర్లూ నడిచాయి. కువైట్ అక్క ఒకామె జాకెట్టు చూసి, ‘ఆ చేతులేంటి, దిండు గలేబుల్లా, ఎవరు కుట్టారో’ అని పెట్టింది. అది మా అమ్మే కుట్టింది. నేను పళ్ళు నూరుకుని ఊరుకున్నాను, పోరాటంలో చీలిక రాకూడదని.

లైవులో ఒక విచిత్రం కనపడింది. మొదటి రెండు వరసల్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే తలలెత్తి పైకి చూస్తున్నారు. కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఓహో, ఆత్మ దిగింది, ఏడుస్తున్నారు అనుకున్నాను. ఎన్నేళ్ళకు మా చర్చికి ఇంత ఉజ్జీవం వచ్చిందని నాకే గర్వంగా అనిపించి, ‘ప్రభువు కార్యం చేస్తున్నాడు’ అని ఇంకో కామెంటు పెట్టాను. కాసేపటికి, ప్రసంగం మధ్యలో, అందరూ ఒక్కసారిగా పగలబడి నవ్వారు.

అయ్యగారు ప్రసంగం ఆపి వెనక్కి తిరిగారు. తలెత్తి ఏదో చదువుతున్నట్టు నిలబడ్డారు. తర్వాత నెమ్మదిగా కెమెరా వైపు తిరిగి, “మస్కట్ సహోదరీ...” అన్నారు. అక్కడితో లైవ్ ఆగిపోయింది.

విషయం మధ్యాహ్నానికి తెలిసింది. కొత్త సౌండ్ సిస్టంతోపాటు పాటల సాహిత్యం చూపించడానికి గోడకు పెద్ద తెర కూడా కట్టారు. అది కెమెరాకు అందదు, ఫ్యానుకంటే పైన ఉంటుంది. విదేశాల వాళ్ళ వందనాలు అందరూ కళ్ళారా చూస్తే బాగుంటుందని, ఆ వారమే అల్లుడుగారు కామెంట్లన్నీ తెర మీద పడేట్టు పెట్టాడు. మంచి మనసుతోనే పెట్టాడు. మంచి మనసుకు మేము చేసిన మర్యాద అది. దిండు గలేబుల జాకెట్టామె కూడా అక్కడే, రెండో వరసలో కూర్చుని చదివింది.

అమ్మ ఫోన్ చేసింది. “పరువు తీసి పందిరేశావు కదే! ఇంక నేను చర్చికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి?”

“నీ కోసమే కదమ్మా.”

“నా కోసం ఎవడు చెయ్యమన్నాడు? ఆ అల్లుడుగారి తప్పేం లేదు. ఆయన జోలికి వెళ్ళకు.”

“తప్పు లేకపోతే నీ మైకు ఎందుకు రావట్లేదు?”

“అన్నం తిన్నావా?”

“తిన్నాను! మైకు సంగతి చెప్పు!”

ఫోను పెట్టేసింది.

అయ్యగారు పంచాయితీలు నాననివ్వరు. తన చర్చిలో పక్షపాతం ఉందని నాలుగు దేశాల్లో అనుకోవడం ఆయనకు గుచ్చుకుంది. ఆ వారం చర్చి గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టారు: వచ్చే ఆదివారం మా అమ్మ ఒక్కతే ప్రత్యేక గీతం పాడుతుందని, మిగతా మైకులన్నీ ఆపేస్తామని, విదేశాల్లో ఉన్న సహోదరీలందరూ తృప్తిగా వినాలని. ‘తృప్తిగా’ అన్న మాట కాస్త నొక్కి పలికారు.

గెలిచాం! కువైట్ అక్క నాకు డాన్సు చేసే బొమ్మలు పంపింది.

అమ్మ మాత్రం మర్నాడే ఫోన్ చేసింది. “అయ్యగారికి చెప్పి వద్దనిపించు.”

“ఎందుకు వద్దు? ఇన్నాళ్ళూ నొక్కేశారు, ఇప్పుడు దారికొచ్చారు. పాడు!”

“నా మాట విను. నాకు ఇష్టం లేదు.”

“మొహమాటం నీకెప్పట్నుంచి వచ్చిందమ్మా? నువ్వు పాడాలి, నేను వినాలి. అంతే.”

“సరే,” అంది. “చూస్తావుగా. చూడు.”

ఆదివారం కౌంటర్ కింద ఫోన్లో చూడటం అవమానమనిపించింది. మా క్లినిక్ మేనేజరు మలయాళీ ఆవిడ. ఇక్కడి సెలవు ప్రకారం శుక్రవారం శుక్రవారం చర్చికి వెళ్ళే మనిషే. మా అమ్మ పాడుతోందని చెప్తే వెయిటింగ్ రూములో టీవీ ఇచ్చేసింది. రోజంతా పళ్ళు ఎలా తోముకోవాలో చూపించే టీవీ అది. దాని మీద మా చర్చి, మా ఫ్యాను పెద్దగా కనపడేసరికి నాకు గుండె ఉబ్బింది. కాళ్ళ దాకా తెల్ల దిష్‌డాషా వేసుకున్న ఒక ఒమానీ పెద్దాయన దవడ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ‘మా అమ్మ’ అని ఆయనకు కూడా చూపించాను. పాపం, నొప్పిలోనే తలూపాడు.

అమ్మ పట్టుచీరలో వచ్చి మైకు ముందు నిలబడింది. కీబోర్డు మొదలైంది. మొదటి లైను కింది స్వరంలో ఎత్తుకుంది. అమ్మ కింద ఎత్తుకోవడం నేనెప్పుడూ వినలేదు. అయినా గొంతు వచ్చింది. కొంచెం జీరగా, కానీ అమ్మదే. రెండో లైను పైకి ఎక్కాలి. ఎక్కబోయింది. గొంతు తెగిపోయింది. ఇంకోసారి ఎత్తుకుంది. గాలి వచ్చింది గానీ పాట రాలేదు. కీబోర్డు కాసేపు ఒంటరిగా నడిచి ఆగింది. లైవ్ నిలిచిపోయిందేమో అనుకున్నాను, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

అమ్మ పైట చెంగుతో మూతి తుడుచుకుంది. కెమెరా వైపు చూసింది.

“మస్కట్‌లో మా అమ్మాయి చూస్తోందండీ. ఏమే, వినపడిందా ఇప్పుడు? మైకు కట్టేసింది అల్లుడుగారు కాదు. నేనే కట్టేయమన్నాను. క్రిస్మస్ అప్పుడు పట్టిన దగ్గుతో పోయిందే గొంతు. మాట ఉంది, పాట లేదు. ఇన్నాళ్ళూ ఊరికే నోరాడిస్తున్నా. ఆయన నా మాట దాచిపెట్టి మీ అందరి చేతా తిట్లు తిన్నాడు. ఇంక ఎవరూ ఆయన్ని ఏమీ అనమాకండి.” అయ్యగారి వైపు తిరిగి, “మీరు కానివ్వండి అయ్యగారండీ” అని పక్కకు వెళ్ళిపోయింది. కెమెరాలో ఖాళీ మైకు మిగిలింది.

నాకు ఏడుపు ఆగలేదు. నా నోరు పడిపోనూ, వద్దు వద్దన్నదాన్ని ఊరందరి ముందు నిలబెట్టాను కదా అని ఏడుపు. ఆ గొంతు ఇంక లేదని ఏడుపు. అది పోయి ఇన్ని నెలలైనా నాకు తెలియలేదని ఏడుపు. దవడ వాచిన పెద్దాయన లేచి వచ్చి, నా కౌంటర్ మీద ఉన్న టిష్యూ డబ్బానే తీసి నాకు ఇచ్చాడు. కువైట్ అక్క దగ్గర్నుంచి ఒక్క కామెంటు లేదు.

మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేశాను. తిట్లు తినడానికి సిద్ధపడే చేశాను. తిట్టలేదు. మిషను చప్పుడు వినపడుతోంది, ఎవరిదో జాకెట్టు కుడుతూ మాట్లాడుతోంది.

“ముందే చెప్పొచ్చుగా అమ్మా! గొంతు పోతే పోయింది, చెప్తే నేనేమన్నా అంటానా?”

“అనవు.”

“మరి? పాట లేనప్పుడు హాయిగా కూర్చోక, అక్కడ నిలబడి నోరాడించడమెందుకు? మోకాళ్ళ నొప్పులని నువ్వే అంటావు కదా.”

“కూర్చుంటే కెమెరాలో కనపడను కదే.”

“కనపడకపోతే ఏమైంది? రోజూ వీడియో కాల్ చేస్తూనే ఉన్నానుగా.”

మిషను ఆగింది.

“వీడియో కాల్లో నువ్వు నన్ను చూస్తావా? ఒక పక్క కూర కలుపుతా ఉంటావు. ఇంకో పక్క తెర మీద నీ మొహం నువ్వే చూసుకుని జుట్టు సర్దుకుంటావు. మీ ఆయన పిలిచాడని పెట్టేస్తావు. ఆదివారం మాత్రం పాటలు అయ్యేదాకా కన్నార్పకుండా నన్నే చూస్తావు. నాకు తెలుసు. పాట లేదని చెప్తే ఇంకెందుకు చూస్తావు? అందుకని నిలబడ్డా.”

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

“ఉన్నావా?” అంది.

“ఉన్నాను.”

“వచ్చే వారం నుంచి వెనక వరసలో కూర్చుంటాలే. అందరికీ తెలిసిపోయింది, ఇంకెందుకు నాటకం.”

“కూర్చోవద్దు,” అన్నాను. “అక్కడే నిలబడు.”

“నిలబడి ఏం చెయ్యాలి? నవ్వుతారు.”

“నవ్వనీ. నువ్వు నిలబడు, నేను చూస్తాను.”

తర్వాతి ఆదివారం అమ్మ రెండో మైకు దగ్గరికి వచ్చింది. అల్లుడుగారు ఆ మైకు తీసి పక్కన పెట్టి, అక్కడ ఒక కుర్చీ వేశాడు. అమ్మ ఆ కుర్చీ వైపు ఒకసారి చూసి, కూర్చోలేదు. పాట మొదలైంది. అందరూ పాడుతున్నారు. అమ్మ నోరు ఆడించలేదు. చేతులు కట్టుకుని, పెదాలు బిగించి, పాట అయ్యేదాకా కెమెరాలోకే చూస్తూ నిలబడింది. కౌంటర్ దగ్గర ఎవరో పంటినొప్పి అంటున్నారు. ఒక్క నిమిషం ఆగమని చెయ్యి చూపించి, నేను చూస్తూనే ఉన్నాను.